మైకు ముందు, కత్తి కింద

మైకుసెట్టు కొట్టు, వెనక గది
ఎండ ఇంకా గుమ్మం దాటని వేళ

బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ మీరూ కులాసా అనే తలుస్తున్నాను, తలవకపోతే మీరు ఊరుకోరు.

కిందటి ఉత్తరంలో మీరు నన్ను రెండు మాటలన్నారు. మీ అబ్బాయికీ మా అమ్మాయికీ జరిగిన పెళ్ళిలో మైకు హారన్లు రెండూ మా వాళ్ళ వైపే తిప్పి పెట్టానని ఒకటి. నా ఉత్తరాలు పొడుగని రెండోది. మొదటిది నిజం. రెండోదానికి జవాబు ఈ ఉత్తరం.

ఎన్నికలు ఇంత చప్పగా సాగడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ముగ్గురు నిలబడ్డారు, ముగ్గురూ ఒకటే పాట. యుద్ధం వద్దు, పరాయి గొడవలోకి మన సైన్యం పోవద్దు అని. జనం ఒక సభ నుంచి ఇంకో సభకి నడిచి వెళ్ళి, అదే మాట విని, అదే మొహంతో తిరిగొస్తున్నారు. తిట్టుకోడానికి ఏమీ లేక టీకొట్లు మూగబోయాయి.

ఆ కొట్టుకుంటున్న రెండు దేశాల గురించి మీకు తెలుసో లేదో గాని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నేను భూగోళం బళ్ళో నేర్చుకోలేదు, మా గురువుగారి కొట్లో పాత రేడియో అద్దం మీద ఊళ్ళ పేర్లు తుడుస్తూ నేర్చుకున్నాను. ఈ ఇద్దరి రాజధానులూ ఆ అద్దం మీద పక్కపక్కనే ఉండేవి. ముల్లు వెంట్రుకవాసి జరిపితే ఒకరి పాట పోయి ఇంకొకరి పాట వచ్చేది. రెండు పాటలూ ఒకేలా ఏడ్చేవి. ఇప్పుడు అందులో ఒకరు మన గవర్నమెంటుకి ప్రాణస్నేహితులట. సాయం పంపాలా వద్దా అన్నది ఎన్నికలయ్యాక కొత్త చట్టసభ తేలుస్తుందట. సభలో అటు సగం, ఇటు సగం. మన రెండూళ్ళూ కలిసిన ఈ ఒక్క సీటే తక్కెడలో రాయి అంటున్నారు.

మరొకప్పుడైతే నాకెందుకు? నేను ఎవడికైనా మైకు పెడతాను, ఎవడికీ చెవి పెట్టను. కానీ నా కూతురు, మీ కోడలు, సైన్యం సిగ్నల్స్ క్యాంపులో కూర్చుని వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తోంది. సైన్యమంటూ కదిలితే ముందు కదిలేది తుపాకి కాదు, వైరు.

అందుకని ఒక ఆలోచన. మీకు నా టెస్టింగ్ సంగతి తెలుసు. అందరూ మైకు ముందు వన్, టూ, త్రీ అంటారు. అంకెలు చెప్పేవాడి గొంతు నిజం గొంతు కాదు, దాంతో సౌండు కుదరదు. నేను హెడ్‌ఫోను పెట్టుకుని, హారన్లు ఆపేసి, "రాత్రి ఏం తిన్నారు?" అని అడుగుతాను. ఎంత పెద్ద నాయకుడైనా ఆ ఒక్క మాటా నిజం చెబుతాడు. ఆ నిజం గొంతు మీదే నా మీటరు నిలబెడతాను. ఈసారి తిండి అడిగాక ఆ జోరులోనే ఇంకోటి అడుగుతాను, "ఇంతకీ యుద్ధం ఎందుకొద్దండీ?" అని. మీ కుర్చీలోకీ ఆ ముగ్గురూ వస్తారు కదా, కత్తి గడ్డం కింద ఉన్నప్పుడు మీరూ అడగండి. ముగ్గురూ వద్దంటున్నారు కనక, ఎందుకు వద్దంటున్నారో చూసి ఓటేద్దాం.

వదినగారికి నమస్కారాలు. హారన్ సంగతి ఆవిడకి గుర్తు చేయకండి.

మీ వియ్యంకుడు

•

సెలూన్, మొదటి కుర్చీ
బేరం లేని మధ్యాహ్నం

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చేరింది. పోస్టాయన మోయలేక మా బల్ల మీద కూర్చుని కాసేపు సేదతీరాడు.

మీ ఆలోచన బాగుంది. మీ ఆలోచనలు బాగుండటం అరుదు కనక ముందే రాసేశాను. ఒక చిన్న సవరణ. కత్తి కింద మనిషి నిజం చెబుతాడని మీలాంటి వాళ్ళ నమ్మకం. కత్తి కింద మనిషి ఏమీ చెప్పడు, దవడ కదిలితే తెగుతుంది. నిజం వచ్చేది కత్తి అయ్యాక, పటిక రుద్దేటప్పుడు. చర్మం చురుక్కుమంటుంది, అడ్డు పెట్టుకున్నదంతా జారిపోతుంది. ముప్పావు వంతు సంసారాల గుట్టు నాకు పటిక చెప్పిందే.

నిన్న ఆ ముగ్గురిలో సిమెంటాయన వచ్చాడు. మీకు తెలిసినవాడే, బస్తా మీదా బనియను మీదా తన బొమ్మే వేయించుకుంటాడు. నా కొడుకు, అంటే మీ అల్లుడు, రెండో కుర్చీలో ఎవరికో తల దువ్వుతూ చెవి ఇటు పారేశాడు. నేను పటిక రాస్తూ అడిగాను.

"యుద్ధం వద్దంటున్నారు, చాలా మంచి మాట. ఎందుకండీ వద్దు?"

"ఉస్... మండుతోందయ్యా! ఎందుకేంటి, నా ఓడలు ఆ సముద్రంలోంచే రావాలి. మనం ఒకడి పక్కన చేరితే రెండోవాడు దారి మూస్తాడు. దారి మూస్తే నా సిమెంటు బట్టీ ఆగుతుంది."

"మరి సభలో తల్లుల కన్నీళ్ళన్నారు?"

"ఓడల కన్నీళ్ళంటే జనం చప్పట్లు కొడతారేంటయ్యా?"

అద్దంలో మొహం చూసుకుని, మీసం ఎడమ పక్క కొంచెం ఎక్కువ తీశానని నస పెట్టి వెళ్ళాడు.

నాకు రోత పుట్టింది బావగారూ. నా ఓటు పావురాలాయనకే. ప్రతి సభలో తెల్ల పావురాల్ని ఎగరేస్తాడు, పుస్తకాలు చదువుకున్నవాడు, మనసు శుభ్రమైనవాడు. మనసు మంచిదైతేనే మాట నిలుస్తుంది.

కోడలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కులాసా. క్యాంపులో టీ బాగోదట.

మీ వియ్యంకుడు

•

మైకుసెట్టు కొట్టు
జోరువాన, సభ రద్దయిన రోజు

బావగారికి,

మీ మనసు మంచివాడికి నిన్న నేనే మైకు పెట్టాను. ముందు పావురాల సంగతి చెప్పనివ్వండి.

అవి ఎక్కడికీ ఎగిరిపోవు. సభ వెనకాల ఆయన బావమరిది బుట్టలో మేత పెట్టుకుని నిలబడతాడు. అవి ఒక చుట్టు చుట్టి బుట్టలోకి వస్తాయి. మర్నాడు ఇంకో ఊళ్ళో మళ్ళీ స్వేచ్ఛ. వాటికి నేను నచ్చినట్టున్నాను, నిన్న రెండు నా హారన్లో దూరి కాపురం పెట్టాయి. ఆయన "శాంతి" అన్నప్పుడల్లా లోపల్నుంచి అవి గురగురమన్నాయి. మైకు ఒక్కసారి కూత పెట్టేసరికి రెండూ బయటికి దూకి, ముందు వరసలో కూర్చున్న బట్టతలాయన మీద తమ అభిప్రాయం వదిలి పోయాయి. జనం ఇంత ఆనందించిన సభ ఈ ఎన్నికల్లో ఇదే.

ఇక టెస్టింగ్.

"రాత్రి ఏం తిన్నారండీ?"

"రెండు రొట్టెలు, పెరుగు."

"యుద్ధం ఎందుకొద్దండీ?"

ఆయన తడుముకోలేదు. "అది చెప్పేచోట కొంచెం ఎకో పెంచు. కిందటి ఊళ్ళో ఆ మాట దగ్గర చప్పట్లు చాలాసేపు పడ్డాయి."

అది కాదండీ, ఎందుకు అని మళ్ళీ అడిగాను. ఆయన నా వంక అమాయకంగా చూశాడు. అబద్ధం ఆడలేదు బావగారూ. ఆయన లోపల వెతుక్కుంటే దొరికింది అదే, పాపం.

కనక సిమెంటాయనే నయం. ఇల్లు తగలబడుతుంటే నీళ్ళు తెచ్చేవాడి చేతులు శుభ్రంగా ఉన్నాయా అని చూస్తామా? బిందె నిండుగా ఉందా లేదా అంతే. సిమెంటాయన బిందె నిండుగా ఉంది. ఓడలున్నంత కాలం వాడు యుద్ధం వద్దంటాడు. చప్పట్లు నమ్ముకున్నవాడికంటే సరుకు నమ్ముకున్నవాడు మేలు.

మూడోవాడు మేజరు మిగిలాడు. అతను మీ కుర్చీలో కూర్చున్నాడా?

మీ వియ్యంకుడు

తా.క. మా ఇంటావిడ ఈ ఉత్తరం చదివి, మీ ఇద్దరికీ పనీపాటా లేదంది. పెళ్ళి చూపుల నాడూ ఇదే మాటంది.

•

సెలూన్
వర్షం వెలిసిన సాయంత్రం

బావగారికి,

బిందె సామెత బాగుంది, కానీ సగమే చెప్పారు. మిగతా సగం నేను చెబుతాను. మంట తన గోదాముకి అంటుకుంటుందని నీళ్ళు మోసేవాడు, గాలి అటు తిరగ్గానే బిందె దించేస్తాడు. గాలి మారినా కిరసనాయిలు అమ్ముకుందాం అనుకోని మనిషి కావాలి మనకి. అందుకే ఎందుకు మోస్తున్నావని అడగడం.

పావురాలాయన సంగతి విని నొచ్చుకున్నాను. అయినా చప్పట్ల కోసం మంచి మాట చెప్పేవాడు, మంచి మాటకి చప్పట్లు పడినంత కాలం మంచివాడే కదా. అది జనం చేతిలో ఉంది.

మేజరు వచ్చాడు. రిటైరై ఏళ్ళయినా కుర్చీలో అటెన్షన్లో కూర్చుంటాడు, మెడ చుట్టూ గుడ్డ కడితే దానికీ సెల్యూట్ చేసేలా ఉన్నాడు. పటిక రాశాను. చలించలేదు.

"యుద్ధం ఎందుకొద్దు సార్?"

"ఆ రెండు దేశాల వాళ్ళూ మనుషులేనా? పురుగులు. పురుగు పురుగుని తింటుంటే మధ్యలో నా సిపాయి బూటు ఎందుకు పాడుచేసుకోవాలి?"

"వాళ్ళలోనూ పిల్లాజెల్లా ఉంటారు కదా సార్."

"ఉంటారు. పురుగులకీ ఉంటాయి."

నేను చేసిన గడ్డాలన్నిటిలో అంత నున్నగా వచ్చిన గడ్డం లేదు, అంత గరుకు మాటా వినలేదు. వెళ్ళాక కుర్చీ రెండుసార్లు తుడిచాను.

సొమ్ము ఒకడికి, చప్పట్లు ఇంకొకడికి, అసహ్యం మూడోవాడికి. ముగ్గురి నోటా ఒకటే మాట. మీకు నవ్వొస్తోందా? నాకు రావట్లేదు.

మీ వియ్యంకుడు

•

సెలూన్
ఉదయం

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారములు. మేము క్షేమము. అందరూ బాగున్నారు. మీ అల్లుడు బాగున్నాడు. ఎన్నికల విషయమై మీరు చెప్పినదే సబబు అని తోచుచున్నది. సిమెంటాయనకే వేద్దాము. హారన్ల విషయం కూడా నేను మరచిపోయాను, మీరు మనసులో పెట్టుకోవద్దు.

ఇట్లు
మీ వియ్యంకుడు

•

మైకుసెట్టు కొట్టు
మీ ఉత్తరం అందిన గంటలోనే

బావగారూ,

నేను చెప్పిందే సబబు అని మీరు రాశారు. హారన్లు క్షమించారు. "తోచుచున్నది" అన్నారు. అంటే మీ ఇంట్లో ఏదో ఘోరం జరిగింది.

నలభై ఏళ్ళుగా సౌండు వింటున్నవాణ్ణి. మనిషి గొంతులోంచి వెటకారం పోతే లోపల ఏ వైరు తెగిందో నాకు తెలుస్తుంది. ఎవరికి? వదినగారికా? అబ్బాయికా? అమ్మాయికా?

మా ఇంటావిడకి మీ ఉత్తరం చూపించలేదు. బస్సెక్కి వచ్చేద్దామంటే సాయంత్రం సభ ఉంది, ఇక్కడేమో వైరు ప్లగ్గులోకి దూరట్లేదు. వెంటనే రాయండి. ఏదైనా సరే, మీ మామూలు వెటకారంతోనే రాయండి.

•

సెలూన్
తలుపు సగం దించి

బావగారూ,

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మొన్నటి నుంచీ నోరు కట్టుకున్నాను. మీకు చెప్పొద్దని కోడలు ఉత్తరంలో ఒట్టు పెట్టింది. "మా నాన్న నోట్లో నువ్వుగింజ నానదు మామయ్యగారూ, ఊరంతా మైకు పెడతాడు" అంది. ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను.

ఆర్డరు వచ్చింది. చట్టసభ ఊఁ అంటే మొదట వెళ్ళే దళంలో తన పేరుంది. ముందు వరసలో వైర్‌లెస్ బాగుచేసేవాళ్ళు కావాలట. సభ ఒప్పుకోకపోతే ఆర్డరు రద్దు. అంటే మనిద్దరం సరదాగా ఆడుకున్న ఈ ఆట, పిల్ల ప్రాణం మీద ఆడామన్నమాట.

నా కొడుకు నిన్న ఒక పెద్దమనిషికి ఒక పక్క జుట్టు కత్తిరించి, రెండో పక్క మరిచిపోయి గుడ్డ విప్పేశాడు. ఆయన వీడి మొహం చూసి అలాగే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నాకు మనసు మంచివాడు వద్దు. పావురాలు వద్దు. ఎవడు గట్టిగా వద్దంటాడో వాడే కావాలి. మీ సిమెంటు నిజంగా గట్టిదేనా? చెప్పండి.

మీ వియ్యంకుడు

•

మైకుసెట్టు కొట్టు
పేపరులో ఆ వార్త వచ్చిన రోజు రాత్రి

బావగారూ,

మా ఇంటావిడకి చెప్పాను. కాసేపు ఏడ్చి, తర్వాత నన్ను తిట్టింది. చిన్నప్పుడు దాని చేతికి సోల్డరింగ్ కడ్డీ ఇచ్చినవాడు మీరే కదా అంది. నిజమే. గిలక్కాయ కంటే ముందు అది పట్టుకుంది.

మీరూ పేపరు చూసే ఉంటారు. సముద్రంలో మన సరుకు ఓడని మన ప్రాణస్నేహితుల శత్రువులు ముంచేశారు. పోయిన నావికులు మనవాళ్ళే, ఎవరి పిల్లలో. వాళ్ళని తలుచుకుంటే నోటమాట రాదు. కానీ వీధిలో నోటమాటకి కరువు లేదు. నిన్నటిదాకా శాంతి శాంతి అన్న టీకొట్లు ఇవాళ రక్తం తాగుతున్నాయి.

సిమెంటాయన మధ్యాహ్నానికే వచ్చాడు, కొత్త ఉపన్యాసంతో. టెస్టింగ్‌లో అడిగాను.

"యుద్ధం వద్దు కదండీ?"

"ఎవరన్నారు? ఓడలకి కాపలా కావాలి కదా! పైగా అక్కడ ఊళ్ళకి ఊళ్ళు కూలుతున్నాయట. రేపు కట్టేది ఎవరు?"

మీరు చెప్పిన గాలి తిరిగింది. బిందె దించాడు. కిరసనాయిలు కూడా ఎత్తాడు. ఒప్పుకుంటున్నాను, సామెతలో మీరు చెప్పిన సగమే నిజం.

సాయంత్రం పావురాలాయన. బుట్ట ఉంది, మూత తీయలేదు. శాంతి కోసమే ఒక్కసారి, ఆఖరిసారి అన్నాడు. చప్పట్లకి నేల దద్దరిల్లింది. ఆయన కళ్ళు మెరిశాయి. మీ మనసు మంచివాడు ఇంకా అబద్ధం ఆడట్లేదు, అదే నా బాధ.

మిగిలింది మేజరు. ఓడ సంగతి అడిగితే, "పురుగులున్న దారిలో ఎందుకెళ్ళారు?" అన్నాడు. ఆ నావికుల తల్లులు వింటే ఏమైపోయేవారో. కానీ వాడు కదల్లేదు. సైన్యం పోకూడదంటే పోకూడదు, అంతే.

బావగారూ, నేను మేజరుకి అద్దె లేకుండా మైకు పెడుతున్నాను. మీరూ అతని గడ్డం బాగా చేయండి.

మీ వియ్యంకుడు

•

సెలూన్
సాయంత్రం

బావగారూ,

చేస్తున్నాను. అతను ఎక్కే ప్రతి సభకీ ముందు చేస్తున్నాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళందరికీ మేజరుకే వేయమంటున్నాను. తల నా చేతిలో ఉంటుంది కనక ఎటు వంచితే అటు వంచుతారు.

మొన్న మా ఊళ్ళో సభకి మీ హారన్లే వచ్చాయి. "పురుగులు" అన్న మాట మా ఇంటి పెరట్లోకి వినబడింది. ఆ మాట దగ్గర సౌండు పెరిగింది. మీరే పెంచారా?

వదినగారికి చెప్పకండి, నేను ఆ పూట అన్నం తినలేదు. అయినా రేపూ గడ్డం చేస్తాను.

మీ వియ్యంకుడు

•

మైకుసెట్టు కొట్టు

పెంచాను. ఆ మాటకి జనం నవ్వుతున్నారు బావగారూ. నవ్విన జనం ఓటేస్తారు.

అమ్మాయి తిరిగొచ్చాక ఇద్దరం కలిసి సిగ్గుపడదాం. ఇప్పుడు తీరిక లేదు.

•

సిగ్నల్స్ క్యాంపు, మరమ్మతుల షెడ్డు
రెండు కాపీలు: ఒకటి నాన్నకి, ఒకటి మామయ్యగారికి

నాన్నా, మామయ్యగారూ,

ముందు మంచి మాట చెబుతాను. నేను వెళ్ళట్లేదు. కొత్తగా చేరినవాళ్ళకి మరమ్మతులు నేర్పడానికి నన్ను ఇక్కడే ఉంచేశారు. సభ ఏమన్నా సరే నా పేరు ఆ దళంలో లేదు. అమ్మకీ, అత్తయ్యకీ, ఆయనకీ వెంటనే చెప్పండి. ఆయన ఎవరి జుట్టూ సగంలో వదిలేయకూడదని నా తరఫున ఆర్డరు.

ఇప్పుడు మిగతాది. ఇక్కడికి సెలవు నుంచి తిరిగొచ్చిన మన ఊరి డ్రైవరు చెప్పాడు, మేజరు సభల్లో మా నాన్న మైకట, మేజరు గడ్డం మా మామగారి పనితనమట. ఆయన అంటున్న మాటలూ చెప్పాడు. క్యాంటీన్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగాను.

ఆ పురుగుల గొంతులు నేను రోజూ వింటాను నాన్నా. సెట్టు బాగైందో లేదో చూడాలంటే ముల్లు తిప్పి దొరికింది పట్టాలి కదా. మొన్న అటువైపు ఎవడో వాడి సెట్టు టెస్టింగ్ చేసుకుంటున్నాడు. వాళ్ళ భాష నాకు రాదు. కానీ వాడు అంకెలు చెప్పట్లేదని తెలిసింది. ఏదో తిన్నది చెబుతున్నట్టుంది. నీ దగ్గర పని నేర్చుకున్నదాన్ని, ఆ గొంతు పోల్చుకోలేనా?

మీరిద్దరూ అందర్నీ ఎందుకొద్దు, ఎందుకొద్దు అని అడిగారట. మిమ్మల్ని నేను అడుగుతున్నాను. మీకు ఎందుకొద్దు?

నా బదులు నా పక్క బల్ల పిల్ల వెళ్తోంది. నవ్వితే సొట్ట పడుతుంది, పాడితే చెవులు మూసుకోవాలి, నాకంటే బాగా అతుకు వేస్తుంది. వాళ్ళ నాన్నకి మైకు లేదు. మామగారికి సెలూను లేదు.

మీ
అమ్మాయి

•

మైకుసెట్టు కొట్టు, వెనక గది
మిఠాయిలు పంచడం అయ్యాక

బావగారూ,

మీ మామూలు గొంతుతో జవాబు రాస్తారని ఆశిస్తూ మొదలెడుతున్నాను.

ఉత్తరం రాగానే మా ఇంటావిడా నేనూ పిచ్చివాళ్ళలా నవ్వాం. మొదటి పేజీ మాత్రమే చదివాం లెండి. వీధిలో కనబడ్డవాడికల్లా మిఠాయి పెట్టాను, పావురాలాయన బావమరిదికి కూడా. రెండో పేజీ జేబులో పెట్టుకుని భోంచేసి పడుకున్నాను.

లేచేసరికి పొద్దు వాలింది. మేజరు సభకి ఆలస్యమైంది. ఇన్ని రోజుల్లో ఎప్పుడూ కాలేదు. వెళ్ళాను. ఎడమ హారన్ పలకట్లేదు. చూశాను, వైరు ఊడింది. పోనీలే అనుకుని కూర్చున్నాను బావగారూ. ముందురోజు దాకా దాని కోసం స్తంభం ఎక్కినవాణ్ణి, ఆ పూట పోనీలే అనుకున్నాను. అప్పుడు జేబులో రెండో పేజీ గుర్తొచ్చింది. హారన్ల కింద నిలబడి చదివాను. అమ్మాయి నన్ను ఏం అడిగిందో, దానికి నా జవాబేమిటో, ఆ ఊడిన వైరు అప్పటికే చెప్పేసింది.

సిమెంటాయనకి ఓడ మునిగితే నోరు తిరిగింది. నాకు కూతురు దక్కితే నిద్ర పట్టింది. తేడా ఏమిటంటే ఆయన అద్దె ఇస్తాడు.

మేజరు "పురుగులు" దగ్గరికి వచ్చాడు. నేను సౌండు పెంచలేదు. తగ్గించనూ లేదు. మొత్తం ఆపేశాను. ఆయన నోరు ఆడుతోంది, మాట వినబడట్లేదు, జనం ఏదో మూకీ బొమ్మ చూసినట్టు చూశారు. దిగొచ్చి నా కాలరు పట్టుకున్నాడు. "నీ కూతురు సైన్యంలో ఉందన్నావు కదరా, నీకోసమే కదరా వద్దంటున్నాను!" అన్నాడు. "నా కూతురు పోవట్లేదు సార్, వైరు ఊడింది" అన్నాను. రెండూ నిజాలే.

మర్నాడు చౌరస్తాలో నా సొంత మైకు పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ అందరికీ మైకు పెట్టిన నేను దాని ముందు నిలబడటం ఇదే మొదటిసారి. టెస్టింగ్ నేనే చేసుకున్నాను. రాత్రి ఏం తిన్నానో చెప్పాను. జనం నవ్వారు. ఆ పిల్ల గురించి చెప్పాను, సొట్ట గురించి, పాట గురించి. అటువైపు టెస్టింగ్ చేసుకుంటున్న వాడి గురించీ చెప్పాను. చివరికి మునిగిన ఓడ కుర్రాళ్ళ గురించి.

టీకొట్టు వాడు అరిచాడు. "తాతా, మీ అమ్మాయి పోవట్లేదటగా! నిన్న మిఠాయి కూడా పెట్టావు! ఇంకా నీకెందుకు ఈ గొడవ?"

"అందుకేరా" అన్నాను. "నిన్నటిదాకా వద్దనడానికి నాకు కారణం ఉంది. ఇవాళ లేదు. కారణం పోయాక మాట మిగిలిందో లేదో చూసుకుంటున్నాను."

చప్పట్లు పడలేదు. ఎవరో ఒకడు ఈల వేశాడు, మెచ్చుకునో వెక్కిరించో తెలియలేదు. ఒక ముసలావిడ మాత్రం దగ్గరికొచ్చి, ఆ పాట రాని పిల్ల పేరేంటని అడిగింది. నాకూ తెలియదు. అమ్మాయికి రాసి కనుక్కుంటాను.

ఓటు ఎవరికి వేయాలో ఇప్పటికీ తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి.

మీ వియ్యంకుడు

•

సెలూన్, మొదటి కుర్చీ
బేరం ఉన్నా రాస్తున్నాను, రెండో కుర్చీ చూసుకుంటోంది

బావగారికి,

మీ పొడుగాటి ఉత్తరం చేరింది. మొదటిసారి ఆఖరిదాకా చదివాను.

మేజరు నిన్న నా దగ్గరికి వచ్చాడు. ఒక చెంప చేశాక, సార్, అటువైపు వాళ్ళలో మంగలి ఉండడా, వాడికీ ఒక కోడలు ఉండదా అని అడిగాను. నోరు మూసుకోమన్నాడు. రెండో చెంప చేయనన్నాను. సగం గడ్డంతో లేచి వెళ్ళాడు. మీ అల్లుడి దగ్గర నేర్చుకున్న విద్యే.

ఎవరికి వేయాలో నాకూ తెలియదు. ముగ్గుర్లో ఎవడు గెలిచినా గాలి ఎటో అటే. వేసి వద్దాం. కానీ నాకో మాట తోచింది, ఈసారి "తోచుచున్నది" కాదు. సభలన్నీ ఓట్లకి ముందే ఎందుకు పెడతారు? ఓట్లు అయిపోయాక పెట్టేవాడికి ఏం కావాలో ఎవడూ అనుమానించలేడు. పోలింగ్ అయిన మర్నాడు మా సెలూన్ ముందు సభ పెడదాం. చట్టసభ కూర్చునేదాకా రోజూ పెడదాం, రెండూళ్ళలో మార్చి మార్చి. గెలిచినవాడు ఎవడైనా గడ్డానికి ఇటే రావాలి, మైకుకి అటే రావాలి. రోజూ అడుగుదాం.

మీరు వచ్చేటప్పుడు హారన్లు రెండూ తేండి. ఒకటి మా వైపు తిప్పి పెట్టండి.

మొదట నేను మాట్లాడతాను. మీరు మొదలెడితే నా వంతు రాదు. రాత్రి ఏం తిన్నానో ఇప్పుడే చెబుతున్నాను, మీటరు సరిచూసుకోండి: కడుపునిండా తిన్నాను, బావగారూ. ఆ పక్క బల్ల పిల్ల వాళ్ళ నాన్న తిన్నాడో లేదో కనుక్కోండి.

మీ వియ్యంకుడు